పచ్చడి సీసాలో చిట్టడవి

మన ఇళ్లలో ఖాళీ సీసా అంత తేలిగ్గా గడప దాటదు. కాఫీ పొడి అయిపోయిన సీసాలోకి ధనియాల పొడి చేరుతుంది, జామ్ సీసాలోకి పోపు గింజలు, తేనె సీసాలోకి నెయ్యి. వెడల్పు మూతి ఉన్న పెద్ద సీసా అయితే వచ్చే ఏడు ఆవకాయకి పనికొస్తుందని అటకెక్కుతుంది. అన్నిటికీ పని దొరికాక కూడా కొన్ని మిగిలిపోతాయి. మూత పోయినవి, జత తప్పినవి, ఎంత తోమినా వెల్లుల్లి వాసన వదలనివి. చెత్తబండిలో వేయడానికి మనసొప్పదు, వాడదామంటే పని కనిపించదు.

ఈ వారం కథనం ఆ సీసాల కోసం.

గాజు మట్టిలో కలిసిపోయే వస్తువు కాదు. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిస్తే పుట్టేది. దాన్ని ఎన్నిసార్లయినా కరిగించి కొత్త సీసా పోయవచ్చు, నాణ్యత తగ్గదు. కానీ అందుకు అది తడి చెత్తతో కలవకుండా, రంగుల వారీగా వేరుపడి మళ్లీ కొలిమి దాకా చేరాలి. అంత నిప్పు తిని పుట్టిన వస్తువుకి ఇంట్లోనే ఇంకో బతుకు దొరికితే ఆ ప్రయాణమే అక్కర్లేదు. గుప్పెడు మట్టి, రెండు మూడు బుల్లి మొక్కలు, నాలుగు చెంచాల నీళ్లు, పైన మూత. నెలల తరబడి నీళ్లు పోయనవసరం లేని తోట తయారు. దాన్నే టెర్రేరియం అంటున్నాం.

బజార్లో దీనికి కిట్లు దొరుకుతున్నాయి. పొట్లం కట్టిన గులకరాళ్లు, డబ్బాలో బొగ్గు, రంగు ఇసుక, అందమైన గాజు గిన్నె. అవేవీ మన ఇంట్లోనో వీధిలోనో లేనివి కావు. కొన్న గిన్నెలో మొక్క బతకదని కాదు. కానీ ఈ విద్య పుట్టిందే ఒక మామూలు సీసాలో, అదీ వేరే పనికోసం పెట్టుకున్న సీసాలో.

పురుగు కోసం పెడితే ఫెర్న్ మొలిచింది

1829. లండన్ తూర్పు ప్రాంతంలోని వెల్‌క్లోజ్ స్క్వేర్. అక్కడ నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే డాక్టరుండేవాడు. వృత్తి వైద్యం, ప్రాణం మాత్రం మొక్కల మీద. పెరట్లో రాళ్లు పేర్చి ఫెర్న్‌లు నాటితే చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల బొగ్గు పొగకి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. పురుగుల మీదా ఆయనకి ఆసక్తి ఉండేది. ప్యూపా దశలో ఉన్న ఒక చిమ్మట ఎలా బయటికొస్తుందో చూద్దామని సీసాలో తడి మట్టి వేసి, అందులో దాన్ని కప్పి, మూత బిగించాడు.

రోజూ చూస్తుంటే ఒక సంగతి కంటపడింది. పగటి వేడికి మట్టిలోని తడి పైకి లేచి గాజుకి పట్టుకుంటోంది, చుక్కలై మళ్లీ మట్టిలోకే జారుతోంది. చిమ్మట బయటికి రావడానికి వారం ముందు మట్టి మీద ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క తలెత్తాయి. పెరట్లో ఎంత సాకినా దక్కని జాతి, ఎవరూ పట్టించుకోని సీసాలో దానంతటదే మొలిచింది. సీసాని కిటికీ బయట పెట్టాడు. దాదాపు నాలుగేళ్లు చుక్క నీరు పోయకుండా అవి బతికాయి. చివరికి మూత తుప్పుపట్టి వాన నీరు లోపలికి దిగడంతో కుళ్లిపోయాయి. ఈ తుప్పు సంగతి గుర్తుంచుకోండి, మన పచ్చడి సీసాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వార్డ్ అక్కడితో ఆగలేదు. 1833లో రెండు గాజు పెట్టెల్లో ఫెర్న్‌లు, గడ్డి నాటించి ఓడ మీద లండన్ నుంచి సిడ్నీకి పంపాడు. అప్పటిదాకా ఓడల మీద పంపిన మొక్కల్లో ఎక్కువ భాగం ఉప్పుగాలికీ మంచినీళ్ల కరువుకీ దారిలోనే పోయేవి. ఇవి పచ్చగా దిగాయి. అవే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలు నింపి వెనక్కి పంపితే, ఎండనీ మంచునీ దాటుకుని అవీ క్షేమంగా చేరాయి. 1842లో ఆయన దీని మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత ప్రపంచ వ్యవసాయమే ఆ పెట్టెలెక్కి కదిలింది. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కల్ని వేల సంఖ్యలో మన హిమాలయ సానువులకు చేర్చింది వాటిలోనే. తేయాకు గింజలు ప్రయాణంలో పాడైపోతుంటే, పెట్టెలోని మట్టిలోనే చల్లి దారిలో మొలకెత్తించాడు. 1876లో బ్రెజిల్ గింజల నుంచి పెంచిన సుమారు 1,900 రబ్బరు నారు మొక్కలు లండన్‌లోని క్యూ తోట నుంచి శ్రీలంకకు వెళ్లిందీ అలాగే. ఇందులో వలస పాలన లాభం ఎంతో ఉంది, ఒక దేశం మొక్కని ఇంకో దేశం తన్నుకుపోవడమూ ఉంది. ఆ చరిత్ర వేరే కథనానికి సరిపోయేంత పెద్దది. మనకి కావలసింది వార్డ్ గమనించిన ఆ చిన్న సంగతి: నీరు ఎక్కడికీ పోలేదు.

అటక దించండి

మొదట సీసా. చెయ్యి పట్టేంత మూతి ఉంటే పని సులువు. కిలో పచ్చడి పట్టే సీసా, కిరాణా కొట్లో ఒకప్పుడు బిస్కెట్లు పెట్టిన గాజు జాడీ, నీరు కారుతోందని మూలన పడేసిన అక్వేరియం, ఏదైనా సరే. తెల్ల గాజే తీసుకోండి, రంగు గాజులోంచి వెలుతురు తక్కువగా దిగుతుంది. గాజు లేకపోతే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాని నడుముకి కోసి, లోపల అంతా అమర్చాక పై సగాన్ని మళ్లీ తొడిగి టేపు అంటించవచ్చు. కొన్నాళ్లకి గీతలు పడి మసకబారుతుంది కానీ, పిల్లల చేతికివ్వడానికి అదే మేలు. మాడిపోయిన ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో పాదరసం ఉంటుంది.

పచ్చడి సీసాలో మొక్కకి శత్రువు కారం కాదు, ఉప్పు. నూనె జిడ్డు కింద దాక్కుని అంచుల్లో మిగిలిపోతుంది. కుంకుడు రసంతోనో సబ్బుతోనో తోమి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి రాత్రంతా నిలవుంచి, మర్నాడు ఎండలో బోర్లించండి. మూత రేకుది అయితే పక్కన పెట్టేయడమే మంచిది. ఉప్పు తిన్న రేకు తడిలో తొందరగా తుప్పు పడుతుంది. పైగా రేకు మూత పైనుంచి వచ్చే వెలుతురునీ ఆపేస్తుంది. స్వీట్ షాపు నుంచి వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా మూత సరిపోతే సరి, లేకుంటే మందపాటి పాలిథిన్ కాగితం పరిచి రబ్బరు బ్యాండు వేయండి.

అడుగున అంగుళం మందాన పెంకు ముక్కలు పోయాలి. పగిలిన పూలకుండీ, పాత బంగాళాపెంకు, ఇటుక, ఏదైనా కుంకుడు గింజంత ముక్కలుగా కొట్టి కడగండి. ఈ పొర నీటిని బయటికి పంపేస్తుందని చాలామంది అనుకుంటారు. సీసాకి చిల్లే లేనప్పుడు నీరు ఎక్కడికి పోతుంది? ఈ పొర చేసేది ఒక్కటే, ఎక్కువైన నీరు వేళ్లని ముంచకుండా కింద నిలవడానికి చోటివ్వడం. గాజులోంచి అది మనకి కనిపిస్తుంది కూడా. పెంకుల్లో సగం దాకా నీరు కనపడిందంటే మన చెయ్యి ఎక్కువైందన్నమాట.

దానిమీద ఉల్లిపాయలో వెల్లుల్లో వచ్చిన నైలాన్ వల సంచిని గుండ్రంగా కత్తిరించి పరవండి. చిరిగిన దోమతెరైనా పరవాలేదు. నూలు గుడ్డ వద్దు, కుళ్లిపోతుంది. ఆపైన పలచగా బొగ్గు. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అడిగితే గుప్పెడు బొగ్గు కాదనరు. బూడిద పోయేదాకా కడిగి, పప్పు గింజలంత నలగ్గొట్టండి. బూడిద క్షార గుణం ఫెర్న్‌లకి పడదు. బొగ్గులోని సన్నని రంధ్రాలు కుళ్లు వాసనల్ని పట్టి ఉంచుతాయి. మందుల షాపు యాక్టివేటెడ్ బొగ్గుకి ఉన్నంత శక్తి దీనికి ఉండదు కానీ మన అవసరానికి చాలు. దొరక్కపోతే మానేయండి, తోట ఆగిపోదు.

ఇక మట్టి. అసలు పనితనం ఇక్కడే. దేవుడికి కొట్టిన కొబ్బరికాయల పీచుని దులిపి, చిన్నగా కత్తిరించి, పొట్టుతో సహా రెండు మూడుసార్లు నీళ్లలో నానేసి పిండండి. సముద్రం దగ్గరి తోటల కాయల పీచులో ఉప్పు ఉండొచ్చు, అది వదలాలి. ఈ పీచు రెండు వంతులు, ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన ఇసుక ఒక వంతు. నల్లరేగడి వద్దు, తడికి ఉబ్బి గాలి దూరనివ్వదు. మిశ్రమాన్ని కొద్దిగా తడిపి, పాలిథిన్ సంచిలో మూటగట్టి, నాలుగు రోజులు డాబా మీద మంచి ఎండలో ఉంచితే కలుపు గింజలు, ఈగల గుడ్లు చాలావరకు చస్తాయి. మన ఎండ మనకి చేసే ఉపకారాల్లో ఇదొకటి. చివర్లో పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు.

ఎరువు వేయాలా అని అడుగుతారు. జల్లించిన ఆకు ఎరువు ఒక చెంచా, అంతే. బాగా ఏపుగా పెరగాలని వర్మీకంపోస్టు దట్టించే వాళ్లకి అమెరికాలోని అరిజోనాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం చెప్పాలి. బయోస్ఫియర్ 2 అని పేరు. మూడెకరాలకి పైగా గాజు కప్పు కింద అడవి, పొలం, చిన్న సముద్రం కట్టి, 1991 సెప్టెంబరులో ఎనిమిది మంది లోపలికి వెళ్లి తలుపులు మూసుకున్నారు. రెండేళ్లు బయటి గాలి లేకుండా బతకాలని పట్టుదల. ఏడాదిన్నర తిరక్కుండానే లోపలి ఆక్సిజన్ 20.9 శాతం నుంచి సుమారు 14.5 శాతానికి పడిపోయింది, ఆయాసం మొదలైంది. 1993 జనవరిలో బయటినుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. కారణం వెతికితే తేలింది మట్టి. పంటల కోసం వేసిన సారవంతమైన ఎరువు మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ని మొక్కలు ఇవ్వగలిగే దానికంటే వేగంగా వాడేశాయి. వాటి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ మొక్కలకి అంది తిరిగి ఆక్సిజన్‌గా మారాల్సింది, అందులో చాలాభాగం కాంక్రీటు గోడల్లోకి ఇంకిపోయింది. అంత పెద్ద గాజు ఇంటినే బలమైన మట్టి అతలాకుతలం చేసింది. లీటరు సీసా ఎంతటిది? ఇందులో మొక్క నెమ్మదిగా పెరగాలి, పేదమట్టిలోనే పెరగాలి.

ఎవరిని లోపలికి రానివ్వాలి

పొట్టిగా ఉండేవి, నీడని ఇష్టపడేవి, తడి గాలిని తట్టుకునేవి. ఫిట్టోనియా, పెపరోమియా, చిన్న రకం ఫెర్న్‌లు, తీగలా పాకే ట్రాడెస్కాంషియా. కడియం నర్సరీల నుంచి ఊరూరికీ వచ్చే బుల్లి కుండీల్లో ఇవన్నీ ఉంటాయి. కానీ కొనకముందు ఇంటి చుట్టూ చూడండి. పాత ఇటుక గోడల పగుళ్లలో, వాడని బావి వరల్లో, స్నానాల గది గొట్టం కారే చోట మొలిచే ఫెర్న్‌లు ఎవరూ నాటినవి కావు. పూలకుండీల మొదట్లో, మోరీ గట్టు మీద గాజులాంటి లేత కాడలతో వచ్చే కలుపు పెపరోమియా జాతిదే. పీకి పారేసే బదులు సీసాలో పెట్టండి. పక్కింటి పిన్నిగారి దగ్గర ఫిట్టోనియా ఉంటే ఒక కొమ్మ అడగండి, రెండు కణుపులుంటే చాలు, వేళ్లు వస్తాయి.

కలబంద, కాక్టస్, తులసి మాత్రం మూత సీసాలోకి రావు. ఎండా గాలీ కావాల్సిన మొక్కల్ని తడి గాలిలో బిగిస్తే కుళ్లుతాయి. అమ్మకానికి పెట్టిన బొమ్మల్లో గాజు గోళం లోపల కాక్టస్ ఎంత ముద్దుగా కనిపించినా దాన్ని నమ్మకండి. మనీప్లాంట్ బతుకుతుంది, కానీ తొందరగా సీసా అంతా తనదే అంటుంది.

నేల మీద పరచడానికి నాచు కావాలి. శ్రావణ భాద్రపదాల్లో మన పిట్టగోడలు, మెట్ల అంచులు, వాటర్ ట్యాంకు మొదలు మఖ్మల్ పరిచినట్టు పచ్చబడతాయి. కత్తి మొనతో పలుచగా లేపితే బిళ్లలుగా వస్తుంది. నిండు ఎండ పడే చోట పెరిగినదాన్ని కాకుండా నీడలో, కుళాయి పక్కన ఉన్నదాన్ని ఎంచుకోండి. సిమెంటు మీద పెరిగిన నాచుకి సున్నం అలవాటు. దాన్ని నేరుగా పీచు మట్టి మీద కాకుండా పెంకు ముక్క మీదో గచ్చు పెళ్ల మీదో కూర్చోబెడితే త్వరగా కుదురుకుంటుంది. నాచుకి నిజమైన వేళ్లు ఉండవు, ఒళ్లంతా నీరు తాగుతుంది. వేసవిలో గోధుమరంగుకి తిరిగి ఎండిపోయినట్టు కనిపించేది కూడా చాలాసార్లు చచ్చినది కాదు. చెంచాడు నీళ్లు చిలకరించి చూడండి.

అరకు, అనంతగిరి, నల్లమల వెళ్లినప్పుడు రాళ్ల మీది నాచునీ ఫెర్న్‌లనీ సంచిలో వేసుకోకండి. అభయారణ్యాల్లోంచి అనుమతి లేకుండా మొక్కని తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, ఇంగ్లండ్‌లో జరిగింది చాలు. 1845లో గాజు మీద పన్ను తీసేశాక అక్కడ మధ్యతరగతి ఇళ్ల కిటికీల్లోకీ వార్డ్ పెట్టె వచ్చింది. ఫెర్న్‌ల మోజు ఎంత ముదిరిందంటే 1855లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత దానికి టెరిడోమేనియా అని పేరు పెట్టాడు. జనం కొండలూ లోయలూ గాలించి పీక్కొచ్చారు. కిల్లార్నీ ఫెర్న్ అనే సున్నితమైన జాతి చాలాచోట్ల కనిపించకుండా పోయింది. అడవి మీద ప్రేమతోనే అడవిని ఖాళీ చేశారు. మన పిట్టగోడ మీద ఉన్నది మనకి చాలు.

చదివేశాక ఈ పేపరే గరాటు

అమర్చడానికి పనిముట్లు కొననక్కర్లేదు. పేపరుని గరాటులా చుట్టి మట్టి పోస్తే గాజుకి అంటదు. పొడవాటి చీపురు పుల్లలు రెండు పట్టకారు పని చేస్తాయి. టానిక్ సీసాతో వచ్చే డ్రాపర్ నీళ్లకి, పాత టూత్‌బ్రష్‌ గాజు తుడవడానికి. పొరలన్నీ కలిపి సీసా ఎత్తులో మూడోవంతు మించకూడదు. వేళ్లు దిగేంత గుంట చేసి మొక్కని నిలిపి, చుట్టూ మట్టి మెల్లగా అదమండి. ఆకు గాజుకి తగలకుండా చూడండి, తడికి అక్కడే కుళ్లు మొదలవుతుంది. లీటరు సీసాకి మొదట్లో రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు చాలు. వాన నీరో, కాచి చల్లార్చిన నీరో, ఏసీ నుంచి కారే నీరో మంచిది. బోరు నీటి లవణాలు గాజు మీద తెల్ల మరకలు వదులుతాయి.

ఇలా చిన్న లోకాన్ని అమర్చడం తెలుగిళ్లకి కొత్త కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఇసుక పరిచి, అద్దం ముక్కతో చెరువు చేసి, ఆవాలు మొలకెత్తించి పచ్చిక వేసిన చేతులు ఎన్నో ఉన్నాయి. ఆ నేర్పే ఇక్కడా కావాలి. అయితే కొండపల్లి బొమ్మనో ఏటికొప్పాక లక్క బొమ్మనో లోపల పెట్టాలనిపిస్తే ఆగండి. కొయ్య తడికి బూజు పడుతుంది, రంగు చెడుతుంది. కాల్చిన మట్టి బొమ్మ, గోదారి ఒడ్డున ఏరిన గులకరాయి, పగిలిన పింగాణీ కప్పు ముక్క అయితే ఎన్నేళ్లున్నా ఏమీ కాదు.

సీసా ఎక్కడ పెట్టాలన్నది మన ప్రాంతంలో ప్రాణం మీది సంగతి. చల్లటి దేశాల్లో రాసిన సూచనలు కిటికీ గట్టు మీద పెట్టమంటాయి. విజయవాడలో, నంద్యాలలో, రామగుండంలో ఏప్రిల్ నెలలో అలా చేస్తే మధ్యాహ్నానికి మొక్కలు ఉడికిపోతాయి. వెలుతురు లోపలికి వస్తుంది, వేడి బయటికి పోలేదు. నేరుగా ఎండ ఒక్క గంట కూడా తగలకూడదు. ఉత్తరపు కిటికీకి నాలుగైదు అడుగుల దూరం సరైన చోటు. పగలు దీపం వేయకుండా పేపరు చదవగలిగితే అక్కడ వెలుతురు సరిపోయినట్టే. అంత వెలుతురు లేని అపార్టుమెంటు అయితే పిల్లలు చదువుకునే ఎల్‌ఈడీ దీపం రోజుకి ఎనిమిది, పది గంటలు చాలు. పడమటి గోడకి ఆనించొద్దు, ఫ్రిజ్ మీద పెట్టొద్దు. వడగాడ్పుల రోజుల్లో రాత్రిపూట మూత తీసి, తెల్లారి పెట్టేయండి. మొదటిసారి చేసేవాళ్లకి తొలకరి తర్వాతి నెలలు అన్నిటికన్నా అనువైనవి.

తర్వాత గాజే మనతో మాట్లాడుతుంది. పొద్దున ఒకవైపు మంచు పట్టి, మధ్యాహ్నానికి తేటపడితే అంతా సవ్యం. రోజంతా గాజు కనిపించనంత మసక ఉంటే నీరెక్కువ, మూత తీసి రెండు మూడు గంటలు ఉంచి, లోపల గుడ్డతో తుడవండి. అసలు తడే పట్టకపోతే ఒక చెంచా నీళ్లు. మొదటి వారాల్లో తెల్ల బూజు కనిపించడం మామూలే. చచ్చిన ఆకు తీసేసి గాలాడనిస్తే తగ్గిపోతుంది. సన్నని నల్ల ఈగలు లేస్తే మట్టి మరీ తడిగా ఉందని అర్థం. తెల్లగా, సూది మొనంత ఉండి గెంతే పురుగులు మాత్రం మంచివే, బూజుని అవే తింటాయి. దోమలు పెరుగుతాయేమోనని భయపడేవాళ్లున్నారు. మూత ఉన్నంతకాలం దోమ లోపలికి పోలేదు, నీరు పైకి తేలి నిలవదు.

ఎంతకాలం ఉంటుంది? ఇంగ్లండ్‌లో డేవిడ్ లాటిమర్ అనే ఆయన 1960లో పది గ్యాలన్ల గాజు బుడ్డిలో ట్రాడెస్కాంషియా నాటాడు. ఆఖరుసారి నీళ్లు పోసింది 1972లోనని చెప్పాడు, ఆ తర్వాత దశాబ్దాల పాటు అది పచ్చగానే ఉంది. అందరికీ అలా కుదరదు. మన వేడికి ఒక సీసా ఏడాది రెండేళ్లు నిలబడితే గొప్ప సంగతే. కొమ్మలు మూతకి తగిలినప్పుడు కత్తిరించండి, ఆ ముక్కలే తర్వాతి సీసాకి నారు.

ఉపాధ్యాయులకి, పిల్లలున్న ఇళ్లకి ఒక మాట. జలచక్రం, కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం అని పరీక్ష కోసం వల్లె వేయించేవన్నీ ఈ సీసాలో పగలూ రాత్రీ జరుగుతూనే ఉంటాయి. మా కోరిక ఏమిటంటే ఒక్కటి కాదు, మూడు చేయించండి. ఒకే కొలత సీసాలు, ఒకే మొక్క కొమ్మలు, ఒకే నీరు. ఒకటి పైన చెప్పిన పేదమట్టితో వెలుతురులో. రెండోది అదే మట్టితో బీరువాలో, చీకట్లో. మూడోది సగం వర్మీకంపోస్టు కలిపి వెలుతురులో. రోజూ ఒకే వేళకి గాజు మీది తడి ఎంతవరకు పట్టిందో సీసా బయట స్కెచ్ పెన్నుతో గీత గీసి, తేదీ వేయమనండి. ఏది ముందు వాడుతుందో, ఎందుకో మనం చెప్పకూడదు. నెల తిరిగాక నోట్‌బుక్ వాళ్ల చేతికే ఇచ్చి, తరగతిలో నిలబడి వాళ్లనే చెప్పమనండి.